బిడ్డ యొద్దకే వచ్చిన బడి

శిశువిద్యను గూర్చియు వయోజన విద్యను గూర్చియు మనము వేరువేరుగా మాటలాడుట కద్దు. పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు బడి అని విభజించుట మనకు అలవాటు. అయితే పేద కుటుంబములో ఈ రెండును ఒక్క ముడిగా పెనవేసికొని యున్నవి. ఢిల్లీలో 1969వ సంవత్సరమున ఆరంభమైన యొక సేవ ఈ సత్యమును మనకు బోధించుచున్నది.

1. ఆరంభము

అది గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరము. రాజఘాట్ సమీపమున శతజయంతి ప్రదర్శనకై కట్టడములు లేచుచుండెను. తల్లులు ఇటుకలు, మట్టితట్టలు మోయుచుండగా వారి పసిబిడ్డలు ఎండలో, దుమ్ములో పడియుండిరి. మీరా మహాదేవన్ అను సంఘసేవకురాలు దీనిని చూచి, అచ్చటనే గుడారములో ఆ బిడ్డలకు చోటు కల్పించెను. ‘మొబైల్ క్రెషెస్’ అను సంస్థకు అదియే మొదలు. కట్టడము ముగియగానే కూలీలు మరియొక చోటికి పోవుదురు; గనుక శిశుకేంద్రమును వారి వెంట కదలవలెను. ఆ పేరులోని భావమిదియే.

2. పెరుగుదల

మొదటి యక్కర పసివారి సంరక్షణయే. అయితే తల్లి పనిలో నున్నంతసేపు చంటివానిని చంకనెత్తుకొని తిరుగునది ఎవరు? ఏడెనిమిదేండ్ల అక్క. బడి తలుపు తెరచియున్నను ఆ బాలిక లోపలికి పోలేదు. తమ్ముడు ఉయ్యాలలో క్షేమముగా నిద్రించిననాడే ఆమె చేతులు ఖాళీయగును. ఆ చేతులలోనికి పలక వచ్చును. ఈ విధముగా మూడేండ్లలోపు వారికి సంరక్షణ, ఆరేండ్ల వరకు బాలవాడి, అంతకు పెద్దవారికి చదువు ఏర్పడెను. పిమ్మట తలిదండ్రులకును విద్యాబోధ చేర్చబడెను. తాను వేలిముద్ర వేయు కాగితముపై ఎన్ని దినముల కూలి వ్రాయబడినదో చదువలేని తల్లికి అక్షరము అలంకారము కాదు, అన్నమే. ఢిల్లీలో నాటబడిన ఈ మొక్క బొంబాయికిని, పూనాకును వ్యాపించెను. కట్టడపు స్థలములనుండి మురికివాడలకును చేరెను.

3. చట్టము, చేయూత

1996లో చేయబడిన కట్టడ కార్మికుల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు చోట ఆరేండ్లలోపు బిడ్డలకు గది ఉండవలెనని విధించినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య నిచ్చు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. అయినను కుటుంబము ఊరు మారినప్పుడెల్ల పాఠము తెగిపోవును. క్రొత్తచోట బిడ్డను పిలిచి చేర్చుకొనువారు లేనియెడల హక్కు కాగితముమీదనే నిలిచిపోవును.

4. మనకు పాఠము

ఇది ఢిల్లీవారి సంగతి మాత్రమే కాదు. మన పాలమూరు కూలీలు ఆనకట్టల పనికి, మట్టిపనికి దేశమంతట తిరిగినవారే. వారి పిల్లలు బడికి రాలేదని నిందించుట సులభము. బడి వారి యొద్దకు పోయెనా యని అడుగుట కష్టము. అక్షరాస్యత కార్యక్రమము వృద్ధినొందునది పుస్తకముల లెక్కను బట్టి కాదు. బిడ్డకును చదువుకును నడుమ నిలిచిన అడ్డు ఏదో గుర్తించి, మొదట దానిని తొలగించుటను బట్టియే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ వీధిలో ఇల్లు కట్టుచున్న కూలీల పిల్లలు పగలు ఎచ్చట నున్నారు?
2. వారిలో చంటిబిడ్డను మోయుచు చదువు మానిన బాలిక కలదా?
3. ఆమె చేతులు ఖాళీయగుటకు మీరు ఈ వారమున చేయగలిగినదేమి?