సర్వీసింగ్‌లో అల్లాయ్ వీల్స్‌కు దెబ్బ తగలకుండా

వరంగల్, హనుమకొండ, కాజీపేట రోడ్లపై ఇప్పుడు తిరిగే కొత్త కార్లలో చాలావాటికి ఉన్నవి అల్లాయ్ వీల్సే. ఒకప్పుడు నల్లటి ఇనుప రిమ్ము, దానిమీద ప్లాస్టిక్ క్యాప్ ఉండేవి. రిమ్ముకు గీత పడ్డా క్యాప్ కింద దాగిపోయేది. అల్లాయ్‌కు అలాంటి ముసుగు లేదు. సర్వీసింగ్ నుంచి కారు తెచ్చుకున్న మర్నాడు ఎండలో చూసి, ‘ఈ గీత నిన్న లేదే’ అనుకున్నవారు మన దాతల్లోనూ ఉండే ఉంటారు.

ఆ గీతకు రెండో వైపు కూడా ఉంది. యజమాని ఫోన్ చేసి గట్టిగా అడిగితే, షెడ్డులో ఉస్తాద్ చూపు ముందుగా పడేది అందరికంటే చిన్న కుర్రాడి మీద. వారం కూలిలో కోత పడేది వాడికే. పదో తరగతితో చదువు ఆపేసి మన ఇళ్ల పిల్లలు చేరుతున్నది ఇలాంటి షెడ్లలోనే. అందుకే కారు ఇచ్చేవారికీ, దానిమీద పని చేసేవారికీ ఉపయోగపడేలా ఈ పాఠం రాస్తున్నాం.

ముందు ఆ లోహం సంగతి. కార్ల అల్లాయ్ వీల్ ఎక్కువగా అల్యూమినియమే. అందులో సుమారు 7 శాతం సిలికాన్, చాలా కొద్దిగా మెగ్నీషియం కలుపుతారు. పోత పోశాక 500 డిగ్రీలకు పైగా వేడి చేసి, చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచి గట్టిపరుస్తారు. ఆ మీద రంగు, దానిపైన పారదర్శకమైన పూత. గీత ఆ పూతను దాటి లోహం దాకా పోతే నీళ్లు లోపలికి దిగి, కొన్ని నెలల్లో పూత కింద పురుగు పాకినట్టు తెల్లటి చారలు వస్తాయి. డైమండ్ కట్ వీల్స్ అయితే బాగుచేయడం ఇంకా కష్టం. వాటి ముఖాన్ని లేత్ మీద మళ్లీ చెక్కాలి. చెక్కినప్పుడల్లా లోహం తగ్గుతుంది కనుక ఆ పని పదేపదే చేయలేం.

చాలా దెబ్బలు తగిలేది టైరు విప్పే యంత్రం దగ్గరే. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పుకోవాలి. విప్పిన వీల్‌ను ముఖం కిందికి పెట్టి సిమెంటు నేల మీద పడేయడంతోనే సగం నష్టం జరుగుతుంది. పాత రబ్బరు మ్యాట్ ఒకటి పరిచి, ముఖం పైకి ఉండేలా పెడితే చాలు. తర్వాత, టైరు అంచును రిమ్ము నుంచి విడదీసే పలక టైరు గోడమీదే ఆనాలి, రిమ్ము అంచుమీద కాదు. గాలి వాల్వ్ ఉన్నచోట ఆ పలకను అసలు ఆనించకూడదు. టైరు ప్రెషర్ చూపే కార్లలో సెన్సార్ అక్కడే ఉంటుంది. విరిగితే దాని ఖర్చు వేరే.

యంత్రం మీద వీల్‌ను పట్టే నాలుగు దవడలకూ ప్లాస్టిక్ తొడుగులుండాలి. టైరు ఎక్కించే, దించే ‘బాతు తల’ కిందా ప్లాస్టిక్ ముక్క ఉండాలి. అది అరిగిపోతే లోపలి ఇనుము నేరుగా రిమ్మును గీకుతుంది. దించే కడ్డీకీ తొడుగు వేయాలి. టైరు అంచుకు సబ్బు పేస్టు ధారాళంగా రాస్తే బలం తక్కువ పడుతుంది. బలం తగ్గితే జారడమూ తగ్గుతుంది. ఈ తొడుగులన్నీ కలిపినా కొన్ని వందల రూపాయల పని. ఒక్క వీల్ ధర వేలల్లో ఉంటుంది. అయినా అరిగిన ముక్కలతోనే నడిచే షెడ్లు తక్కువేం కాదు. దీన్ని కుర్రాడి అజాగ్రత్త అనడం మాకు న్యాయంగా తోచదు.

ఇక నట్లు. గాలి గన్‌కు మామూలు ఇనుప సాకెట్ తగిలించి తిప్పితే అది నట్టు గుంట అంచులను గీసేస్తుంది. ప్లాస్టిక్ తొడుగున్న పలుచటి సాకెట్లు దొరుకుతాయి, అవే వాడాలి. గన్‌తో విప్పడం వరకు సరే, బిగించడం మాత్రం చేత్తో మొదలుపెట్టాలి. ఎదురెదురు నట్లను నక్షత్రం గీసినట్టు వరస మార్చి బిగించి, చివర టార్క్ రెంచ్‌తో ముగించాలి. చాలా చిన్న కార్లకు ఆ బిగువు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. సరైన అంకె కారు మాన్యువల్‌లో చూసుకోవాలి. అతిగా బిగిస్తే అల్యూమినియం గుంట నలుగుతుంది, బోల్టు సాగుతుంది, రోడ్డు మీద పంక్చరైతే స్టెప్నీ మార్చడానికి నట్టు కదలదు. ఇనుప రిమ్ముకూ అల్లాయ్‌కూ నట్టు ఆనే ఆకారం వేరుగా ఉండే కార్లున్నాయి. పక్క కారు నట్టు సరిపోయిందని వాడేయడం ప్రాణాలతో చెలగాటమే.

వీల్ హబ్‌కు తుప్పుతో అతుక్కుపోవడం మన దగ్గర మామూలే. వానాకాలం తర్వాత మరీ ఎక్కువ. అప్పుడు వెనక నుంచి సుత్తితో కొట్టకూడదు. నట్లు పూర్తిగా తీయకుండా రెండు చుట్లు ఉంచి, రబ్బరు సుత్తితో టైరుమీద అటూ ఇటూ కొడితే చాలాసార్లు ఊడుతుంది. ఊడాక హబ్‌ను తీగ బ్రష్‌తో శుభ్రం చేయాలి. బ్యాలెన్సింగ్ బరువులు అంచుకు కొట్టే రకం వద్దు, లోపలివైపు అంటించేవి అడగాలి.

కడగడం గురించి ఒక్క మాట. మెరుపు కోసం కొన్ని చోట్ల యాసిడ్ కలిసిన ద్రావణం వాడతారు. ముఖ్యంగా వేడిగా ఉన్న వీల్ మీద అది పూతను తినేస్తుంది. 2023 జూలై వరదల్లో నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. నీళ్లలో నానిన కారుకైనా సరే, బురద వదలడానికి యాసిడ్ అక్కర్లేదు. మంచినీళ్లు, మామూలు కారు షాంపూ, మెత్తటి బ్రష్ చాలు.

సొట్ట పడిన అల్లాయ్‌ను మంటతో వేడి చేసి సరిచేస్తామనేవారూ ఉన్నారు. ఫ్యాక్టరీలో వేడితో వచ్చిన గట్టిదనం ఆ మంటకే పోతుంది. పగులు కనిపిస్తే వెల్డింగ్ జోలికి పోకుండా వీల్ మార్చడమే మేలు.

కారు ఇచ్చేటప్పుడు యజమాని చేయాల్సిందీ ఉంది. నాలుగు వీల్స్ ఫోటోలు తీసి, పాత గీతలుంటే జాబ్ కార్డులో రాయించాలి. ఇది అనుమానంతో చేసే పని కాదు. కారు వాళ్ల చేతిలో అమానత్, లెక్క స్పష్టంగా ఉంటే పాత గీతకు కుర్రాడిని నిలదీసే అవసరం రాదు. ‘అరగంటలో కావాలి’ అని తొందరపెట్టకుండా ఉండటమూ మన చేతిలోనే ఉంది. కూలి కోస్తే జాగ్రత్త రాదు. దెబ్బ తగిలిందని చెప్పే ధైర్యం పోతుంది, గీతమీద వెండి రంగు స్ప్రే పడుతుంది.

పని నేర్చుకునే పిల్లలకు పనిముట్ల పెట్టె కొనివ్వాలనుకునే దాతలు స్పానర్ల సెట్టుతో ఆగకుండా ఒక టార్క్ రెంచ్, తొడుగున్న సాకెట్లు కూడా అందులో వేయించండి. సాధారణంగా మారుతి కార్లకు 19, హ్యుందాయ్, కియాలకు 21, ఫోక్స్‌వాగన్, స్కోడాలకు 17 మిల్లీమీటర్ల సాకెట్ పడుతుంది. ఈ మూడు సైజులుంటే మన ఊళ్లో వచ్చే కార్లలో చాలావాటికి పని జరుగుతుంది. వీల్ విప్పి బిగించిన కారును 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ తీసుకురమ్మని, నట్ల బిగువు మరోసారి చూడాలని కూడా ఆ పిల్లలకు నేర్పించండి.