ముందు ఇల్లు కొలుచుకో, తర్వాత టీవీ కొనుక్కో

మా బలసముద్రంలో ఒకప్పుడు టీవీ కొనాలంటే శెనక్కాయ పంట ఒప్పుకోవాలి. వాన మొహం చాటేసిన ఏడు ఆ మాటే ఎత్తేవాళ్లం కాదు. తర్వాత పావగడ సోలార్ పార్కు వచ్చింది. దానికి భూములిచ్చిన ఐదు ఊళ్లలో మాదీ ఒకటి. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి నూటికి ఐదు పెంపు, 28 ఏళ్ల ఒప్పందం. 2018లో పార్కు మొదలైంది. కౌలు డబ్బు అందిన ఇళ్లకు పెద్ద తెరలు వచ్చాయి. సెంటు భూమి లేనివాళ్లు కూలి డబ్బు కూడబెట్టి కొన్నారు. ఇద్దరినీ చూశాను. డబ్బు తక్కువైనచోట కన్నా ఆలోచన తక్కువైనచోటే నష్టం ఎక్కువ జరిగింది. మొదటిసారి హెచ్‌డీ టీవీ కొనబోతున్నావు కాబట్టి చెప్తున్నాను నాయనా, విను.

1. సైజు షాపులో కాదు, ఇంట్లో తేల్చుకోవాలి.

టీవీ అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి. పాత 21 అంగుళాల డబ్బా టీవీ తెర ఎత్తు పన్నెండున్నర అంగుళాలు ఉండేది. ఇప్పటి 24 అంగుళాల తెర అడ్డంగా సాగింది కానీ ఎత్తు పన్నెండుకు లోపే. అంకె పెరిగిందని సంబరపడి తెచ్చుకున్న ఇంట్లో, తెరమీది మనుషులు మునుపటికన్నా పొట్టివాళ్లయ్యారు. 32 అంగుళాలది ఇరవై ఎనిమిది వెడల్పు, పదహారు ఎత్తు. ఆ కొలతకు పాత పేపరు కత్తిరించి గోడకు అంటించు. మీరు రోజూ కూర్చునే చోటినుంచి చూడు. చాలదనిపిస్తేనే 43 మాట ఎత్తు.

2. హెచ్‌డీలో కూడా అంతస్తులున్నాయి.

అట్టపెట్టె మీద ‘హెచ్‌డీ రెడీ’ అని ఉంటే చుక్కలు సాధారణంగా 1366 అడ్డం, 768 నిలువు. ‘ఫుల్ హెచ్‌డీ’ అంటే 1920, 1080. 4కె అంటే 3840, 2160. షాపువాడు పెద్ద అంకెకే పెద్ద ధర చెప్తాడు. కానీ మన పడసాలలో ఎనిమిదడుగుల దూరం కూర్చుంటే 32 అంగుళాల తెరమీద మొదటి రెండింటి తేడా కంటికి ఆనదు. ఆ సైజుకు హెచ్‌డీ రెడీ చాలు. 43కి వెళ్తే ఫుల్ హెచ్‌డీకి తగ్గొద్దు. కంటికి అందని చుక్కలకు డబ్బు కట్టడం మా ఊళ్లో చాలామంది చేసిన పనే.

3. వచ్చే బొమ్మను బట్టే కనిపించే బొమ్మ.

పుచ్చిన విత్తనం వేసి దుక్కిని తిట్టుకుంటే ఏం లాభం? డీడీ ఫ్రీ డిష్‌కు నెలనెలా కట్టే పని లేదు, బీదింటికి అది వరం. కానీ అందులో చాలా చానళ్లు మామూలు బొమ్మే ఇస్తాయి. దాన్ని పెద్ద తెరమీద పరిస్తే పలచబడి మసకబారుతుంది. ఒక ఇంట్లో హెచ్‌డీ టీవీ ఉంది, హెచ్‌డీ బాక్సూ ఉంది, బొమ్మ మాత్రం మసకే. వెనక్కి చేయి పెట్టి చూస్తే పసుపు, ఎరుపు, తెలుపు మూతుల పాత వైరు. ఆ వైరులో హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చగానే వార్తలు చదివే ఆమె చీర అంచులో జరీ కనబడింది. అన్నాళ్లూ వాళ్లు హెచ్‌డీ ప్యాకుకు డబ్బు కడుతూనే ఉన్నారు. మనం ఇంట్లో తెలుగు, బయట కన్నడం. రెండు భాషల చానళ్లూ కావాలంటాం. ఒకే చానల్‌ను మామూలుదిగా ఒకసారి, హెచ్‌డీగా ఇంకోసారి తీసుకుని రెండింటికీ కడుతున్నామేమో జాబితా చూసుకో.

4. షాపు వెలుగులో ప్రతి టీవీ అందంగానే ఉంటుంది.

అక్కడ ఆడించేది ప్రత్యేకంగా తీసిన బొమ్మ: చిలకలు, సముద్రం, పువ్వులు. రంగులు కూడా కళ్లు జిగేలనేట్టు పెంచి ఉంటారు. రంగుల్ని మామూలుకు దించమను, రోజూ చూసే చానల్ ఒకటి పెట్టమను. తర్వాత ఎదురుగా నిలబడకుండా పక్కకు జరుగు, కింద కూర్చుని చూడు. మన ఇళ్లలో ఒకరు మంచం మీద, ఇద్దరు చాప మీద, ఒకరు గడప దగ్గర ఉంటారు. కొన్ని తెరలు పక్కనుంచి చూస్తే వెలవెలబోతాయి. మా అమ్మ చివరి రోజుల్లో టీవీ చూడటం మానేసింది. ఆసక్తి పోయిందనుకున్నాం. దూలం పక్కన బిగించిన తెరను చాపమీద నుంచి చూడలేక మెడ పట్టేసేదని ఆలస్యంగా తెలిసింది. ముసలివాళ్లు అడిగి పెట్టించుకోరు నాయనా. మనమే వాళ్ల పక్కన కూర్చుని చూసి, ఆ ఎత్తుకు మేకు కొట్టాలి.

5. టీవీ ధరతో లెక్క ముగియదు.

బాక్సు, కేబుల్, గోడ స్టాండు, స్టెబిలైజరు, నెలనెలా ప్యాకు, అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకో. చేతిలో ఉన్న డబ్బంతా టీవీకే పోస్తే మిగతావి నాసిరకం తెస్తావు. ఒకప్పుడు పన్నువల్ల కూడా 32 దగ్గర ఆగేవాళ్లం. 2019 జనవరి నుంచి 32 దాకా జీఎస్టీ 18 శాతం, ఆపైన 28 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్దవాటికీ 18 శాతమే. కాబట్టి పాత ధరలు మనసులో పెట్టుకుని బేరానికి పోవద్దు. వడ్డీలేని వాయిదాలంటే ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, రొక్కమిస్తే ఎంత తగ్గిస్తారో అడుగు. ఆ రెండూ కలిపితే తేలేదే అసలు వడ్డీ.

6. తెలివి ముందు ముసలిదవుతుంది, తెర తర్వాత.

స్మార్ట్ టీవీ కొన్న కొత్తలో చురుగ్గా ఉంటుంది. మెమరీ తక్కువున్నది కొన్నేళ్లకే యాప్ తెరవడానికి మూలుగుతుంది. తెర మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు టీవీని మార్చకు. వెనక తగిలించే చిన్న స్టిక్ కొంటే సరిపోతుంది. అందుకే మొదట్లో తెర నాణ్యతకు డబ్బు పెట్టు, హెచ్‌డీఎంఐ రంధ్రాలు కనీసం రెండున్నాయో లేదో చూడు.

7. చెడిపోయే రోజును కొనే రోజే తలుచుకో.

తెర పగిలితే వారంటీ వర్తించదు, మార్పించే ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా పోతుంది. సర్వీసువాడు పావగడలో ఉన్నాడా, హిందూపురం నుంచో తుమకూరు నుంచో రావాలా అని కొనకముందే అడుగు. ఉరుము వినగానే కరెంటు ప్లగ్గు ఒక్కటే పీకేవాళ్లు మా ఊళ్లో ఎక్కువ. పిడుగు డిష్ వైరు వెంట కూడా దిగుతుంది, దాన్నీ విప్పాలి. కొత్త టీవీ ఇంటికొచ్చాక అట్టపెట్టెను టెక్నీషియన్ వచ్చేదాకా తెరవొద్దు, బిల్లు ఫోటో తీసి ఉంచుకో. ఇవన్నీ కుదిరాక రెండు వేలు మిగిలితే, వాటిని ఇంకో అంగుళం మీద కాకుండా మంచి స్టెబిలైజరు మీద పెట్టు.