ఇసుక మీద జీపు తోలొద్దు

కీసర,
ఫాల్గుణ శుద్ధ పంచమి.

చిరంజీవి కిట్టుకి అత్తయ్య దీవించి వ్రాయునది. నీ దగ్గు తగ్గిందో లేదో రాయనేలేదు. మిరియాల పాలు తాగుతున్నావా?

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. హోలీ పున్నమికి స్నేహితులతో దివిసీమ వెళ్లి, పాలకాయతిప్ప అవతల జనం తొక్కని ఇసుకలో డేరా వేసుకుంటామన్నావు. సూర్యలంకలోనూ మంగినపూడిలోనూ సెలవొస్తే నిలబడటానికి చోటుండదని రాశావు, నిజమే. వెళ్లొద్దని నేననను. ఈ వయసులో చూడకపోతే ఇంకెప్పుడు చూస్తావు? కానీ ఆ చివర, కొత్త జీపుని అలల అంచు వెంట తోలతామని రాశావు చూడు, ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

ముందు నీళ్ల సంగతి చెప్పేస్తాను. మున్నేట్లో ఈత నేర్చానన్న ధీమా అక్కడ పనికిరాదు. అలలు విరగకుండా మధ్యలో ఒక పాయ నున్నగా, నెమ్మదిగా కనపడుతుంది. దిగడానికి అదే మంచి చోటనిపిస్తుంది. ఒడ్డుకొచ్చిన నీరంతా ఆ దారినే లోపలికి పోతుంది. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకు, చేతులు పడిపోతాయి. తీరం వెంట పక్కకి ఈది బయటపడాలి. పున్నమికి పోటు ఎక్కువ. సాయంత్రం డేరా వేసిన చోట అర్ధరాత్రికి నీళ్లుండొచ్చు. అందుకని ఊళ్లో చేపల వేటకెళ్లే పెద్దాయన్ని ఎవరినైనా అడుగు: పోటెప్పుడు, పాటెప్పుడు, ఎక్కడ దిగొచ్చు అని. ఆయన వద్దంటే వద్దే. ఆ నీళ్ల సంగతి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1977 నవంబరు 19న అక్కడే ఉప్పెన వచ్చి సొర్లగొంది లాంటి ఊళ్లని ఊడ్చుకుపోయింది. సర్కారు లెక్కల్లోనే పదివేలమంది పైచిలుకు పోయారు. నందిగామ నుంచి బియ్యం లారీతో మీ తాతయ్య కూడా వెళ్లాడు. తిరిగొచ్చాక ఏం చూశాడో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇక ఇసుక. ఇది నిదానంగా చదువు, నాయనా.

మా చిన్నతనంలో ఎండాకాలం వస్తే మున్నేరంతా ఇసుకే. నేనూ మీ నాన్నా తెల్లారుజామున బిందెలు పట్టుకెళ్లి చెలమ తీసేవాళ్లం. మోచేతి లోతు తవ్వితే నీరూరేది, అది తేరేదాకా కూర్చునేవాళ్లం. ఒకసారి మీ నాన్న చెంబు చెలమలో పారేసి, మీ నాయనమ్మ కొడుతుందని సాయంత్రం దాకా రేవులోనే దాక్కున్నాడు. చీకటి పడ్డాక ఆవిడే లాంతరు పుచ్చుకుని వచ్చి వాణ్ణి చంకనెత్తుకు తీసుకెళ్లింది. పాఖాల వైపు నుంచి ఖమ్మం మీదుగా వచ్చే మున్నేరుకి మన దగ్గర వైరా, కట్లేరు కలుస్తాయి. ఆ మూడూ మోసుకొచ్చిన ఇసుక అది. ఎడ్లబండ్ల మీద తోలుకెళ్లినంత కాలం, తీసింది మళ్లీ వరదకు ఏరే పూడ్చేది. పొక్లెయిన్లొచ్చాక గోతులు మిగిలాయి. పిల్లలు మోకాలి లోతనుకుని దిగి వాటిలో మునిగిపోతున్నారు. 2023 జూలైలో ఐతవరం దగ్గర హైవే మీదికెక్కి బస్సులన్నిటినీ ఆపేసిన ఏరు కూడా ఆ గోతుల్ని పూడ్చలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన ఏరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. నువ్వు డేరా వేద్దామనుకున్న నేల ఇలా నదులు మోసుకెళ్లి పోసిందే. శ్రీశైలం, నాగార్జునసాగర్, ప్రకాశం బ్యారేజీ కట్టాక మేటంతా పైనే ఆగిపోతోంది. నది తెచ్చేది తగ్గింది, సముద్రం పట్టుకుపోయేది తగ్గలేదు. అందుకే దివిసీమలో కొన్నిచోట్ల తీరం కోసుకుపోతోంది. ఇక అక్కడి ఊళ్లకి సముద్రం నుంచి అడ్డుగా ఉన్నవి మడ అడవులూ సరుగుడు తోటలూ ఇసుక దిబ్బలూ. దిబ్బ మీద పాకే ఊదారంగు పూల తీగే ఆ ఇసుకని పట్టి ఉంచుతుంది. దాని మీద జీపు చక్రాలు నాలుగుసార్లు తిరిగితే తీగ తెగుతుంది, గాలికి దిబ్బ పలచబడుతుంది. మీ సరదా ఒక్క పూట. ఆ ఊరివాళ్లు తుఫాను ప్రతి ఏడూ చూడాలి.

పెళ్లయిన కొత్తలో మాఘ పౌర్ణమికి మీ మామయ్యతో హంసలదీవి వెళ్లాను. వేణుగోపాలస్వామిని చూసుకుని, రాత్రికి రాత్రే నడిచి సంగమ స్నానానికి వెళ్లాం. ఇసుక మీద బండి చక్రం దొర్లినట్టు ఏదో గుర్తు కనపడింది. పల్లెకారుల్లో ఒకావిడ నా చెయ్యి పట్టి ఆపి, తాబేలు గుడ్లు పెట్టి పోయిన జాడమ్మా అని చెప్పింది. కుక్కలు పసిగట్టకుండా ఆ గుర్తంతా కాలితో చెరిపేసింది. ఆవిడ పేరు అడగలేదు గానీ మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కో గూట్లో నూరు గుడ్ల దాకా పెడతాయి. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలవుతాయి. అటవీశాఖవాళ్లు కొన్ని గుడ్లని తీసి కంచెల్లో కాపాడుతున్నారు, అన్నీ వాళ్లకి దొరకవు. మీరు వెళ్లే ఫాల్గుణంలోనే పిల్లలు బయటికొస్తాయి. జీపు గాడిలో పడ్డ పిల్ల ఎక్కలేదు. నెగడు వెలుగో హెడ్‌లైటో కనపడితే సముద్రమనుకుని అటే పోతుంది. కాబట్టి మంటలొద్దు, పాటల పెట్టె వద్దు, రంగులు నీళ్లలో కలపొద్దు.

కోప్పడ్డాననుకోకు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్నది నేనే, ఆ హక్కుతో రాస్తున్నాను.

జీపు ఊళ్లోనే ఆపి నడిచి వెళ్లండి. రాత్రి పడక కూడా ఊళ్లోనే పెట్టుకుని, తెల్లవారుజామున పాటుకి నడవండి. టోల్‌గేటు దాటకముందు ఇంటికొచ్చి భోంచేసి వెళ్లండి. దోసావకాయ కలిపాను, సున్నుండలు కట్టి ఇస్తాను. ఎంతమంది వస్తున్నారో మీ మామయ్యకి ఫోన్ చేసి చెప్పు, బియ్యం అంతకు పోస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య