పొలంలో డీజిల్ పండుతుందా? ఒక ప్రభుత్వ లెక్క కథ

వార్షిక సంచికకు సైన్సు వ్యాసం రాయమన్నప్పుడు మేము జీవ ఇంధనాన్ని ఎంచుకున్నాం. దానికి ఒక కారణం ఉంది. మనలో చాలామంది ఇళ్లకు ఉన్న ఆస్తి ఎకరమో, రెండెకరాలో లావుణి పట్టా భూమి. అదీ లేనివాళ్లకు ఊరి బంచరాయిలో నాలుగు మేకలు మేపుకునే వీలు. అలాంటి భూముల మీద 2003లో ఢిల్లీలో ఒక పెద్ద లెక్క వేశారు. ఆ లెక్క ఏమిటో, ఎక్కడ తప్పిందో తెలుసుకోవడం మనకు అవసరమని మా ఉద్దేశం.

ముందు పాఠం. మొక్కల నూనెతో ఇంజను నడపడం కొత్త ముచ్చట కాదు. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును పల్లీ నూనెతో నడిపి చూపించారు. ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ పేరే తర్వాత ఆ చమురుకు వచ్చింది. అయితే నూనెను నేరుగా పోస్తే ఏమవుతుంది? మొక్కల నూనె డీజిల్ కంటే చాలా చిక్కన. ఇంజనులో సన్నని తుంపరగా చిమ్మదు, సరిగా కాలదు, మసి పేరుకుంటుంది. అందుకని నూనెకు మిథనాల్ కలిపి, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడు వేసి వేడి చేస్తారు. ఇక్కడ సోడియం హైడ్రాక్సైడు ఉత్ప్రేరకం. నూనె అణువు విడిపోయి పల్చని బయోడీజిల్ పైకి తేలుతుంది, బరువైన గ్లిజరిన్ అడుగున నిలుస్తుంది. 100 కిలోల నూనెకు సుమారు 10, 11 కిలోల మిథనాల్ పోస్తే 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల గ్లిజరిన్ వస్తాయి. ఈ పద్ధతుల మీద మన నగరంలోనే, తార్నాకలోని ఐఐసీటీలో పరిశోధనలు జరిగాయి.

కాబట్టి రసాయన శాస్త్రంలో చిక్కు లేదు. చిక్కంతా గింజ దగ్గరే వచ్చింది.

మన దేశం ముడి చమురులో ఎక్కువ భాగం విదేశాల నుంచి కొంటుంది. ఈ భారం తగ్గించే మార్గం చూడమని ప్రణాళికా సంఘం 2002లో ఒక కమిటీ వేసింది. డి.ఎన్. తివారీ దానికి అధ్యక్షులు. 2003 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది. వంట నూనెలనే మనం దిగుమతి చేసుకుంటున్నాం కనుక తినడానికి పనికిరాని నూనె గింజలే వాడాలన్నారు. అది సరైన మాటే. అందుకోసం ముఖ్యంగా జత్రోఫాను ఎంచుకున్నారు. మన ఊళ్లలో దీన్ని నేపాళం అనీ, అడవి ఆముదం అనీ అంటారు. మేకలు ముట్టవు కాబట్టి కంచెకు నాటుతారు.

2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంటే ఎంత భూమి కావాలో కమిటీ లెక్క కట్టింది. సుమారు కోటీ 12 లక్షల హెక్టార్లు అని తేలింది. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే తెలంగాణ పటం చూడండి. మన రాష్ట్ర విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. చదరపు కిలోమీటరుకు 100 హెక్టార్లు. అంటే ఊళ్లు, చెరువులు, అడవులు, మన మూసాపేట, హైటెక్ సిటీ అన్నీ కలిపి తెలంగాణ అంతటి నేల. అంత భూమి ఎక్కడుంది? కోటీ 34 లక్షల హెక్టార్లు దొరుకుతుందని నివేదిక చెప్పింది. పలచబడిన అడవుల్లో 30 లక్షలు, పొలాల కంచెలుగా 30 లక్షలు, బీళ్లలో 24 లక్షలు, ఇతర పంటల మధ్య 20 లక్షలు, వాటర్‌షెడ్ పథకాల బంజర్లలో 20 లక్షలు, రోడ్లు, రైలు పట్టాలు, కాలువల వెంట 10 లక్షలు. కాగితం మీద ఎక్కడా తప్పు కనబడదు.

ఇప్పుడు దిగుబడి లెక్క చూద్దాం. పదో తరగతి తమ్ముళ్లు కూడా చేయగలిగినదే. హెక్టారుకు 2,500 మొక్కలు. మొక్కకు కిలోన్నర గింజలు. మొత్తం 3,750 కిలోలు. అందులో మూడో వంతుకు కాస్త తక్కువ నూనె అనుకుంటే హెక్టారుకు సుమారు 1,200 కిలోల నూనె. దాన్ని కోటీ 12 లక్షలతో హెచ్చిస్తే 20 శాతానికి సరిపోతుంది.

ఈ లెక్క అంతా "మొక్కకు కిలోన్నర" అన్న ఒక్క మాట మీద నిలబడింది. మంచి నేల, నీరు, ఎరువు ఉంటే ఆ మాట నిజం కావచ్చు. కానీ నాటమన్నది బంజరులో, వాన మీద ఆధారపడి. నీళ్లు లేకుండా నేపాళం చావదు, నిజమే. చావకుండా ఉండటం వేరు, కాయడం వేరు. అలాంటి నేలల్లో చాలాచోట్ల హెక్టారుకు ఒక టన్ను గింజలు కూడా రాలేదు. పైగా కాయలన్నీ ఒకేసారి పండవు. చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి ఏరాలి. ఆ కూలి ఎవరిస్తారు?

ధర కూడా చూడండి. 2006 జనవరి నుంచి చమురు కంపెనీలు లీటరు బయోడీజిల్‌ను 25 రూపాయలకు కొనాలని కేంద్రం నిర్ణయించింది. లీటరుకు మూడు కిలోలకు పైగా గింజలు కావాలి. మిల్లువాడు ఒక్క పైసా తీసుకోకున్నా రైతుకు కిలోకు ఎనిమిది రూపాయలు దాటదు. మిథనాల్, కరెంటు, రవాణా ఖర్చులు తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. ఆ ధరకు నేపాళం వేయడం కంటే కందులు వేసుకోవడం మేలని ఏ రైతుకైనా తెలుస్తుంది.

ఇంకొక ప్రమాదం ఉంది, చిన్న తమ్ముళ్లు గుర్తుంచుకోవాలి. నేపాళం గింజల్లో కర్సిన్, ఫోర్బాల్ ఎస్టర్లు అనే విష పదార్థాలుంటాయి. పల్లీల్లా రుచిగా ఉంటాయని తిని పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలవుతుంటారు. నూనె తీయగా మిగిలిన చెక్క కూడా పశువులకు పెట్టడానికి పనికిరాదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఆ రోజుల్లో వర్షాభావ ప్రాంతాల్లో నేపాళం నాటించింది. అనుభవం చూశాక కానుగ వైపు మొగ్గింది. కానుగ మనకు పరాయి చెట్టు కాదు. దాని పుల్లతో పళ్లు తోముకున్నాం, దాని రొట్ట వరి మడిలో తొక్కాం, దాని నూనెతో తాతల కాలంలో దీపాలు పెట్టారు. అది పప్పు జాతి చెట్టు, నేలకు నత్రజనినిస్తుంది. కానుగ చెక్క మంచి ఎరువు. లోపమల్లా కాపుకు ఐదారేళ్లు ఆగాలి. కూలికి పోతే గాని పూట గడవని ఇంటికి ఐదారేళ్లంటే మాటలు కాదు.

మా అభిప్రాయంలో దిగుబడి కంటే పెద్ద తప్పు "బంజరు" అన్న పదంలో ఉంది. రికార్డులో బంజరు, గైరాన్, పోరంబోకు అని రాసి ఉన్నంత మాత్రాన ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ ఎవరిదో మేక మేస్తుంది. ఎవరో అవ్వ పొయ్యిలోకి కట్టెలు ఏరుకుంటుంది, సీతాఫలాలు తెంపుకొని సంతలో అమ్ముకుంటుంది. ఆ పని చేసేవాళ్లలో ఎక్కువమంది భూమి లేనివాళ్లు. వాళ్ల సంపాదనకు ఏ రిజిస్టరులోనూ పేరు లేదు కనుక లెక్కలోకి రాలేదు.

అలాగని అంతటా ఇలాగే జరిగిందనడం న్యాయం కాదు. మూసాపేట నుంచి ముంబై రోడ్డు మీద కూకట్‌పల్లి, మియాపూర్, రామచంద్రాపురం దాటిపోతే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల పరిశోధనకు 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. వాళ్లు నేటి వికారాబాద్ జిల్లా వెల్చాల్‌లో పాడుబడిన ఉమ్మడి భూమిలో నేపాళం, కానుగ నాటించారు. నాటే ముందు ఒక పని చేశారు. భూమి లేని కూలీలను సంఘంగా చేర్చారు. నాటిన కూలి వాళ్లకే, కాచిన కాయ మీద హక్కూ వాళ్లకే. భూమి ప్రభుత్వానిదే, ఫలసాయం మాత్రం పేదలది.

ఆదిలాబాద్ అడవుల్లోని పవర్‌గూడ ముచ్చట ఇంకా గొప్పది. జైనూరు మండలంలోని గిరిజన గూడెం అది. అక్కడి మహిళా సంఘం కానుగ గింజలు ఏరి నూనె ఆడించేది. ఆ నూనె డీజిల్ బదులు వాడితే గాలిలోకి పోకుండా ఆగే బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు 147 టన్నులకు 645 డాలర్లు చెల్లించింది. అప్పటి రూపాయల్లో సుమారు 30 వేలు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఆ మహిళలు కానుగ నారు పెంచి అమ్మడం కూడా మొదలుపెట్టారు. చెట్టు వాళ్లకు తెలిసిన చెట్టు, అడవి వాళ్లు తిరిగే అడవి.

తర్వాత సంగతి క్లుప్తంగా చెబుతాం. 2009 నాటి జాతీయ విధానం 2017కల్లా 20 శాతం అన్నది. కాలేదు. 2018 విధానం బయోడీజిల్‌ను 2030కి 5 శాతమే అన్నది. 2024 నాటికి ఒక శాతం కూడా చేరలేదు. పెట్రోలులో ఇథనాల్ మాత్రం 2025లో 20 శాతానికి చేరింది. అయితే అది బంజరులో పండింది కాదు. చెరకు, మొక్కజొన్న, ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం నుంచి వచ్చింది. 2023 జూలైలో నిల్వలకు ఇబ్బంది వస్తుందని ఆ బియ్యం ఆపారు, 2024 ఆగస్టులో మళ్లీ విడుదల చేశారు. హాస్టల్ మెస్సులో పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడే మనకు బియ్యం సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

సెలవులకు ఊరికి పోయే తమ్ముళ్లకు ఒక పని చెబుతున్నాం. మీ ఊరి బంచరాయి ఎన్ని ఎకరాలని పాత పహాణీలో ఉంది, నేడు ఎంత మిగిలింది, అందులో ఎవరి పశువులు మేస్తున్నాయి, 2005 తర్వాత నాటిన నేపాళం మొక్కలు ఏమైనా బతికి ఉన్నాయా? పెద్దలనడిగి నోటుబుక్కులో రాసుకొని రండి. అన్ని ఊళ్ల లెక్కలు కలిపి వచ్చే సంచికలో పట్టికగా వేస్తాం.