అగ్నిమాపక సేవ, అత్యవసర వైద్య సేవ: రెండు వృత్తుల పరిచయము

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో నిలిచియున్న ‘ఫోర్ట్ స్టికీన్’ అను ఓడలో నిప్పంటుకొనెను. అందులో ప్రత్తి బేళ్లతోపాటు ప్రేలుడు సామగ్రియు ఉండెను. అగ్నిమాపక దళమువారు గొట్టములు పట్టి నీరు గ్రుమ్మరించుచుండగనే, సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకు ఓడ ప్రేలిపోయెను. ఆనాడు మరణించిన 66 మంది అగ్నిమాపకుల స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14ను దేశమంతటను అగ్నిమాపక దినముగా పాటించుచున్నారు. ఈ వృత్తిని కోరు యువతీయువకులు మొదట తెలిసికొనవలసిన సంగతి యిది.

అయినను ధైర్యమొక్కటే చాలదు. మంటలలోనికి దూకు వీరుడు సినిమాలలోనే ఎక్కువగా కనబడును. అగ్నిమాపక కేంద్రములో దినములో అధికభాగము గొట్టములను పరీక్షించుట, పంపులను నడిపి చూచుట, కవాతు వీనితోనే గడచును. మంటకు ఇంధనము, ప్రాణవాయువు, వేడిమి మూడును కావలెను. ఒకటి తొలగినచో అది చల్లారును. ఏది తొలగింపవలెనో క్షణములో నిర్ణయించుటయే అసలు విద్య. కట్టెల మంటపై నీరు మంచిదే. కాగుచున్న నూనె అంటుకొన్నప్పుడు నీరు పోసినచో నూనె ఎగజిమ్మి మంట నలుగడల వ్యాపించును. విద్యుత్తు ప్రవహించు తీగపై పోసినచో పోసినవారికే ప్రాణాపాయము. ఇండ్లు తగులబడినప్పుడు తరచుగా మంటకంటె ముందు పొగయే ప్రాణము తీయును. కావున శ్వాస పరికరము ధరింపక లోనికి పోవుట సాహసము కాదు, శిక్షణాలోపము.

సామాన్య ఉద్యోగులను రాష్ట్ర ప్రభుత్వములే ఎన్నుకొని శిక్షణ నిచ్చును. 1956లో స్థాపితమై నాగపురములో నడచుచున్న జాతీయ అగ్నిమాపక సేవా కళాశాలలో అధికారుల శిక్షణయు, అగ్నిమాపక ఇంజనీరింగు పట్టమునకు చదువును కలవు.

రెండవ వృత్తి మన దేశములో వయస్సున చిన్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ క్రమముగా అనేక రాష్ట్రములకు వ్యాపించెను. వాహనములో చోదకునితోపాటు శిక్షితుడైన అత్యవసర వైద్య సహాయకు డొకడుండును. గుండె ఆగినవాని మెదడు కొలది నిమిషములలోనే చెడనారంభించును. అట్టివాని రొమ్ము నడుమ నిమిషమునకు 100 నుండి 120 సారులు, అయిదారు సెంటీమీటర్ల లోతునకు అదుముట ఇతడు మొదట నేర్చు పని. పాము కరచినవాని అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చును. తాడు బిగించుట, గాటు పెట్టుట అతని పద్ధతి కాదు. ఒక్కొక్కప్పుడు త్రోవలోనే కాన్పు చేయవలసి వచ్చును. అతడు వైద్యుడు కాడు. సందేహము కలిగినప్పుడు టెలిఫోనుపై వైద్యుని సలహా గొనవలెను. తన హద్దు నెరుగని సహాయకునివలన రోగికి మేలుకంటె కీడే ఎక్కువ.

రాత్రి విధులు రెంటను తప్పవు. అంబులెన్సు ఉద్యోగములు పలుచోట్ల ఒప్పందముపై నుండును. పసిబిడ్డ చేతిలో మరణించిన రాత్రి తరువాత మరునాడు మరల విధికి పోవలసియుండును. ఈ భారమును గూర్చి తల్లిదండ్రులును ముందుగా ఆలోచించుట మంచిది. ఏప్రిల్ 14 నుండి 20 వరకు జరుగు అగ్నిమాపక వారోత్సవములలో చాలచోట్ల ప్రజలకు ప్రదర్శనలు ఇత్తురు; ఆ పనివారితో స్వయముగా మాటలాడుటకు అది తగిన సమయము.