ఎక్కడం సరే, దిగడం ఎలాగ?
ఎగిరే పడవల పందేల గురించి ఒక కొత్త అభిమాని పాఠం

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు పడవ నడపడం రాదు. ఈత కూడా అంతంతమాత్రమే. మాది సాలూరు. మా ఊళ్ళో ఎటు చూసినా లారీలు కనిపిస్తాయి గానీ, సముద్రం చూడాలంటే బస్సెక్కి విజయనగరం దాటి వెళ్ళాలి. అలాంటి నేను రెండేళ్ళుగా ఫాయిలింగ్ పడవల పందేలకి అభిమానిని. ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి కాబట్టి ‘తెరచాప’ అనే మాట ఈ వ్యాసం కోసమే మొదటిసారి రాస్తున్నాను. తప్పులుంటే సరిదిద్దండి.

మొదట చూసింది

2024 అక్టోబర్ 12, దసరా రోజు సాయంత్రం. ఇంట్లో భోజనాలయ్యాక ఫోన్ తిప్పుతుంటే ఒక లైవ్ కనిపించింది. స్పెయిన్‌లోని బార్సిలోనా తీరంలో 37వ అమెరికాస్ కప్ ఫైనల్. న్యూజిలాండ్ జట్టుకీ బ్రిటన్ జట్టుకీ పోటీ. 1851లో మొదలైన కప్ అది. చూద్దును కదా, పడవలు నీళ్ళలో లేవు! 75 అడుగుల పడవ, బరువు 6 టన్నుల పైమాటే, నీటికి పైన గాల్లో పోతోంది. కిందకి సన్నటి కాళ్ళలాంటివి మాత్రం నీళ్ళని తాకుతున్నాయి.

పక్కనే మంచం మీద మా బాబాయి ఉన్నాడు. పాతికేళ్ళు లారీ నడిపాడు. సాలూరు నుంచి సుంకి ఘాటీ మీదుగా కోరాపుట్ వైపు ఎన్ని ట్రిప్పులు వేశాడో ఆయనకే లెక్కలేదు. ఐదేళ్ళ క్రితం ఆ ఘాటీలో యాక్సిడెంట్ అయి కాలు పోయినంత పనైంది. అప్పటినుంచి ఇంట్లోనే. ఫోన్‌లోకి తొంగి చూసి అన్నాడు:

“ఒరే, ఇది పడవేట్రా? కాళ్ళున్నాయేటి దీనికి?”

నాకు తెలిసినంత చెప్పాను. కాసేపు చూసి ఇంకో ప్రశ్న వేశాడు. “పైకి లేవడం బాగానే ఉంది. ఎక్కడం ఎవడైనా ఎక్కుతాడు. దిగడం ఎలాగ?”

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న కోసం వారం రోజులు చదివింది మీకు నాలుగు పాఠాలుగా చెబుతాను.

పాఠం 1: పడవ ఎందుకు లేస్తుంది?

బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దని రాసి ఉంటుంది. చిన్నప్పుడు అందరం పెట్టాం. అరచెయ్యి నేలకి సమాంతరంగా ఉంచి, బొటనవేలి వైపు కొంచెం పైకి వంచితే చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది. అదే లిఫ్ట్. విమానం రెక్క చేసే పనీ అదే, ఫాయిల్ చేసే పనీ అదే. తేడా ఒక్కటే, ఫాయిల్ ఆ పని నీటిలో చేస్తుంది.

నీటి సాంద్రత గాలికి సుమారు 800 రెట్లు. అందుకే పడవని లేపడానికి విమానమంత రెక్క అక్కర్లేదు. ఇంకో సంగతి, లిఫ్ట్ వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగింతలు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

లేస్తే లాభమేంటి? మామూలు పడవ శక్తిలో చాలా భాగం నీటిని చీల్చుకోవడానికీ, అలలు లేపడానికీ పోతుంది. ఒళ్ళంతా పైకి వచ్చేస్తే నీటితో రాపిడి ఫాయిల్‌కీ చుక్కానికీ మాత్రమే. అందుకే ఇవి 50 నాట్లు దాటేస్తున్నాయి. నాట్లంటే వరినాట్లు కాదండీ, సముద్రం మీద వేగానికి కొలత. 50 నాట్లంటే గంటకి సుమారు 93 కిలోమీటర్లు. సెయిల్‌జీపీ అనే ఇంకో పోటీలో 2022లో ఫ్రాన్స్ జట్టు 99.94 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఇంజన్ లేకుండా!

పాఠం 2: గాలి కన్నా వేగంగా ఎలా?

మనం ‘గాలివాటం మనిషి’ అంటాం, గాలి ఎటు తోస్తే అటు పోయేవాడని. నేనూ తెరచాప పడవ అంటే అదే అనుకున్నాను. వెనక నుంచి గాలి తోస్తుంది, పడవ పోతుంది. అలాగైతే పడవ వేగం ఎప్పటికీ గాలి వేగాన్ని దాటదు.

గాలి లేని రోజు బైక్ మీద 40లో వెళ్ళండి. ముఖానికి 40 కిలోమీటర్ల గాలి కొడుతుంది. ఆ గాలి మీరు పుట్టించుకున్నది. పడవకీ అంతే. పక్క నుంచి 20 కిలోమీటర్ల గాలి వీస్తోంది, పడవ 60లో పోతోంది అనుకుందాం. పైథాగరస్ వేసి చూడండి: పడవ మీద ఉన్నవాళ్ళకి తగిలే గాలి సుమారు 63, అదీ దాదాపు ఎదురుగా, 18 డిగ్రీల కోణంలో. తెరచాప పనిచేసేది ఈ గాలితోనే. వేగం పెరిగేకొద్దీ గాలీ పెరుగుతుంది, ఆ గాలితో వేగం ఇంకా పెరుగుతుంది.

మరి అంతు లేదా? ఉంది. రాపిడి ఎలాగూ పెరుగుతుంది. దానికి తోడు 50 నాట్ల దగ్గర ఫాయిల్ పైవైపు ఒత్తిడి ఎంత పడిపోతుందంటే, చల్లటి నీరే ఆవిరి బుడగలుగా మారుతుంది. దాన్ని కావిటేషన్ అంటారు. బుడగలు వచ్చాయంటే లిఫ్ట్ పోతుంది. వేగం రికార్డు కోసమే కట్టిన ‘సెయిల్‌రాకెట్ 2’ అనే పడవకి ఆ బుడగలతోనే పనిచేసే ప్రత్యేక ఫాయిల్ పెట్టి, పాల్ లార్సెన్ 2012లో నమీబియా తీరంలో 500 మీటర్ల దూరం మీద 65.45 నాట్ల సగటు సాధించాడు.

పాఠం 3: పందెం ఒక ఘాట్ రోడ్డు

ఇక్కడ మా ఊరివాళ్ళకి సులువు. గాలి వచ్చే దిక్కుని కొండపైన అనుకోండి. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు వెళ్ళలేదు, లారీ కొండ మీదకి నిట్టనిలువుగా ఎక్కలేనట్టే. కాబట్టి పడవ ఏటవాలుగా ఒకవైపు వెళ్ళి, తిరిగి, ఇంకోవైపు వెళ్తుంది. ఘాట్ రోడ్డు మలుపులు తిరిగినట్టు. ఒక్కో మలుపుని ట్యాక్ అంటారు.

పైగుర్తు చుట్టి కిందకి వచ్చేటప్పుడు గాలి వెనకే కదా, సూటిగా రావచ్చు కదా అని బాబాయే అడిగాడు. రాకూడదు. సూటిగా గాలితోపాటే పోతే, వేగం గాలికి సమానమయ్యేసరికి తెరచాపకి తగిలే గాలి సున్నా. అందుకే దిగేటప్పుడూ మలుపులే. వాటిని జైబ్ అంటారు. చెప్పగానే బాబాయి నవ్వాడు. “ఘాటీలో కూడా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకటే రోడ్డు కదరా.”

పాఠం 4: ఎత్తుని ఎవరు చూసుకుంటారు?

ఎక్కువ లేస్తే ఫాయిల్ బయటికొచ్చి పడవ కుప్పకూలుతుంది. తక్కువైతే ఒళ్ళు నీటికి తగిలి వేగం చస్తుంది. మన సిలబస్ భాషలో ఇది ఫీడ్‌బ్యాక్ కంట్రోల్.

మాత్ అనే చిన్న పడవలో దీనికి అందమైన ఏర్పాటు ఉంది. పొడవు 3.355 మీటర్లు, మనిషి ఒక్కడే. ముందు భాగం నుంచి ఒక పుల్ల నీటిని రాసుకుంటూ వేలాడుతుంది. పడవ లేస్తే పుల్ల కిందకి వాలుతుంది, కిందకి వస్తే వెనక్కి నెట్టుకుపోతుంది. ఆ కదలిక కడ్డీల ద్వారా ఫాయిల్ వెనక అంచుని సర్దుతుంది. సెన్సారు, కంట్రోలరు, యాక్చుయేటరు, మూడూ ఉన్నాయి. ఒక్క లైను కోడు లేదు, బ్యాటరీ లేదు.

కప్పులో నడిచే పెద్ద పడవలకి మాత్రం ఆటోపైలట్ నిషేధం. 2024లో ఒక్కో పడవలో 8 మంది. అందులో నలుగురు సైకిల్ తొక్కినట్టు తొక్కుతూ తెరచాపలని లాగే హైడ్రాలిక్ శక్తి పుట్టించేవాళ్ళు. మిగతా నలుగురూ చుక్కాని, తెరచాప, ఎత్తు చూసుకునేవాళ్ళు. కంప్యూటర్ పని అంతకు ముందే అయిపోతుంది. 2021 కప్పుకి ముందు న్యూజిలాండ్ జట్టు సిమ్యులేటర్లో పడవ నడపడం రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో ఒక బాట్‌కి నేర్పించి, దానితో రకరకాల ఫాయిల్ డిజైన్లని పరీక్షించింది. ఇది చదివాకే ఆ సబ్జెక్టు పుస్తకం మళ్ళీ తెరిచాను.

బాబాయి ప్రశ్నకి జవాబు

అక్టోబర్ 16న ఐదో పందెంలో మొదలవ్వకముందే న్యూజిలాండ్ పడవ నీళ్ళలోకి దిగబడిపోయింది. ఆ పందెం బ్రిటన్ గెలిచింది. ఇంతకన్నా పెద్ద ప్రమాదాలు ఉన్నాయా అని వెతికితే 2021 జనవరి 17 వీడియో దొరికింది. ఆక్లాండ్‌లో అమెరికన్ మ్యాజిక్ జట్టు ముందంజలో ఉంది. పైగుర్తు దగ్గర తిరుగుతోంది. సరిగ్గా అప్పుడే పెద్ద ఈదురుగాలి. పడవ నీళ్ళలోంచి గాల్లోకి దూకి, పక్కకి పడింది. ఒంటికి చిల్లు పడి దాదాపు మునిగిపోయింది. మనుషులు బతికి బయటపడ్డారు. ప్రత్యర్థి జట్లవాళ్ళు కూడా వచ్చి పడవని కాపాడారు.

ప్రతిసారీ అలా ముగియదు. 2013 మేలో శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రాక్టీసు చేస్తుండగా పడవ బోల్తా పడి ఆండ్రూ సింప్సన్ చనిపోయాడు. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మనిషి.

పైగుర్తు దగ్గర ఏముంది? ఎదురుగాలిలో వచ్చిన పడవ గాలితోపాటు దిగడానికి తిరగాలి. తిరిగే ఆ కొద్ది సెకన్లలో తెరచాపలోకి బలమంతా ఒక్కసారి వస్తుంది. వేగం ఎగబాకుతుంది. మొదటి పాఠంలో వాక్యం గుర్తుందా? లిఫ్ట్ వర్గంలో పెరుగుతుంది. చుక్కాని నీళ్ళలోంచి బయటికొచ్చిందంటే ఇక నడిపేవాడి చేతిలో ఏమీ లేదు. అందుకే మంచి జట్లు తిరగక ముందే తెరచాప వదులు చేసి, ఫాయిల్ సర్దుకుని, అప్పుడు తిరుగుతాయి.

ఆ వీడియో బాబాయి మూడుసార్లు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “మలుపులోకి ఎల్లిపోయాక గేరు దించితే ఏటి లాభం? ముందే దించాల. ఆ రోజు నాను దించలేదు. బేగి ఇంటికెల్లిపోదామని.”

బ్రేకులు పట్టలేదనే ఇన్నాళ్ళూ మా ఇంట్లో అనుకున్నాం. పిన్ని తలుపు దగ్గరే నిలబడి వింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇది ఇక్కడ రాయొచ్చా అని తర్వాత బాబాయినే అడిగాను. “రాయిరా. ఎవడో ఒక కుర్రోడు సదువుకుంటాడు” అన్నాడు.

మనకేంటి సంబంధం?

ఇది డబ్బున్న దేశాల ఆట కదా అని నా రూమ్మేటు అంటాడు. నిజమే, పడవల ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ సెయిల్‌జీపీ పడవల రకాన్ని ‘క్యాటమరాన్’ అంటారు. ఆ మాట తమిళ ‘కట్టుమరం’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. మన తీరంలో దాన్నే తెప్ప అంటాం. దుంగలు కట్టి, చాప ఎత్తి మన మత్స్యకారులు ఎప్పటినుంచో చేస్తున్న పని అది.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ఏటా సెయిలింగ్ పోటీలు జరుగుతాయి. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే దాకా ఆరుగురు నేవీ అధికారిణులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చారు. వాళ్ళలో పి. స్వాతిది విశాఖపట్నం, బి. ఐశ్వర్యది హైదరాబాద్. తారిణికి ఫాయిల్స్ లేవు. ఓర్పు మాత్రం ఉంది.

మీరూ చూడాలనుకుంటే

38వ అమెరికాస్ కప్ ఫైనల్ 2027లో ఇటలీలోని నేపుల్స్‌లో. మొదటిసారి చూసేవాళ్ళు మూడే గమనించండి. ఒకటి, గాలి ఎటు నుంచి వస్తోందో. రెండు, పడవ ఒళ్ళు నీటికి తగులుతోందా లేదా. మూడు, పైగుర్తు దగ్గర ఎవరు ముందుగా సిద్ధపడ్డారో. స్కోరు తర్వాత అర్థమవుతుంది.

ఆ ఏడాది న్యూజిలాండ్ 7–2తో గెలిచింది. బాబాయి మాత్రం చివరిదాకా బ్రిటన్ పక్షమే. ఓడిపోయాక అడిగాడు, “మళ్ళీ ఎప్పుడ్రా?” చెప్పాను. గోడ మీద క్యాలెండర్ వైపు చూసి, “అప్పటికి నీ చదువైపోద్దేటి?” అన్నాడు.

అయిపోవాలి. ముందే గేరు దించుకుంటున్నాను.