లెక్కలు ఆగిన చోటనుంచే మళ్ళీ మొదలుపెడదాం



మా ఇళ్ళల్లో డిగ్రీ పూర్తిచేసినవాళ్ళలో మేమే మొదటివాళ్ళం. మాకంటే ముందు ఇదే హాస్టల్లో ఉన్నవారిలో కొందరు పదో తరగతి దగ్గరే ఆగిపోయారు. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కి ఒక్క లెక్కల్లో తప్పినవారూ వారిలో ఉన్నారు. ఇవాళ వారు తాపీపనికి వెళుతున్నారు, మిషను కుడుతున్నారు, ఆటో నడుపుతున్నారు. "ఇప్పుడు మళ్ళీ చదవొచ్చా తమ్ముడూ?" అని అడుగుతున్నారు. వారికోసమే ఈ పాఠం.

ముందు దారి సంగతి. ఈ ఏడే తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. చదువు మానేసి ఏళ్ళు గడిచినవారికి ఓపెన్ స్కూలు ఉంది. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో 14 ఏళ్ళు నిండినవారెవరైనా పదో తరగతికి చేరవచ్చు, పై వయసుకు హద్దు లేదు. ఒకసారి చేరితే 5 ఏళ్ళలో 9 సార్లు పరీక్ష రాసే వీలుంది. ఒక్కో సబ్జెక్టూ విడిగా పాసవుతూ రావచ్చు. పాత మార్కుల మెమో పారేయకండి. ముందు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి దాకా, నియమాల ప్రకారం, అక్కడ కలుపుకుంటారు. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్ళు ఉన్నాయి.

ఒక హెచ్చరిక. ఓపెన్ స్కూల్లో లెక్కలు తీసుకోకుండా కూడా పదో తరగతి పూర్తిచేయవచ్చు. అది సులువే, కాని ఆ తర్వాత పాలిటెక్నిక్ తలుపు మూసుకుపోతుంది. పాలిసెట్‌లో లెక్కల ప్రశ్నలే ఎక్కువ. బ్యాంకు, రైల్వే ఉద్యోగాల పరీక్షల్లోనూ అంకగణితం తప్పదు. అందుకే లెక్కలు తీసుకొమ్మనే మేము చెబుతాం.

ఇక పాఠం. మీకు లెక్కలు రావనుకోవడం సరికాదు. మీకు వచ్చిన లెక్కను పుస్తకం వేరే మాటల్లో చెబుతుంది, అంతే.

ఊళ్ళో 15,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీ 300 అని నోటితోనే చెబుతారు. పది నెలలకు 3,000. పుస్తకంలో వడ్డీరేటు ఏడాదికి ఉంటుంది. నెలకు 2 అంటే ఏడాదికి 24 శాతం. కాలం 10/12 సంవత్సరం. 15,000 × 24 × 10/12 ÷ 100 = 3,000. జవాబు ఒక్కటే.

ఇప్పుడు ప్రశ్నను తిప్పుదాం. వడ్డీ 4,500 కావడానికి ఎన్ని నెలలు? తెలియని నెలలను x అందాం. 300x = 4,500. రెండు వైపులా 300తో భాగిస్తే x = 15. బీజగణితమంటే భయపడేది దీనికే. x అంటే ఇంకా తెలియని సంఖ్య, అంతకుమించి ఏమీ లేదు.

తాపీపని చేసేవారు గోడ మూల సరిగ్గా వచ్చిందా అని చూడటానికి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తే సరే అంటారు. 9 + 16 = 25. పైథాగరస్ సిద్ధాంతం అదే.

చదివే వరుస ఇలా పెట్టుకోండి. మొదట భిన్నాలు, రుణసంఖ్యలు. ఇవి రాకుండా పదో తరగతి పుస్తకం తెరవకండి, ఆరు, ఏడు తరగతుల పుస్తకాలు తెచ్చుకోండి, అందులో నామోషీ లేదు. తర్వాత నిష్పత్తి, శాతాలు, సమీకరణాలు. ఆపైన సగటు, మధ్యగతం, వైశాల్యాలు, సంభావ్యత. వర్గసమీకరణాలు, త్రికోణమితి చివర్లో.

రోజుకు ముప్పావు గంట చాలు, కాని రోజూ ఉండాలి. చూసి చదవొద్దు, పెన్ను పట్టి చేయండి. ప్రతి మెట్టూ రాయండి, జవాబు తప్పినా మెట్లకు మార్కులు పడతాయి. చివరి రెండు నెలలూ పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని రాయండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకూ ఒక పని ఉంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు లెక్కల దగ్గర ఆగిపోయిన అన్ననో అక్కనో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క భిన్నాల లెక్క చెప్పండి. చెప్పినకొద్దీ మీకూ గట్టిపడుతుంది. వారికి ఇంటరు, డిగ్రీ దారి మళ్ళీ తెరుచుకుంటుంది.